గజేంద్రానికి వెడల్పు టైరు

ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో ఒక్క పొల్లు మాట లేదు. ఉన్నదని తేలితే నా హార్మోనియంలో ఎలుకలు కాపురం పెట్టి, పురుళ్లు పోసుకుని, బారసాలకు పాట పాడమని నన్నే పిలుచుగాక. ఇంతకన్నా పెద్ద ఒట్టు మా వంశంలో ఎవరూ వేయలేదు.

మా తమ్ముడు పైడయ్య దాసు హరికథ చెబుతాడు. బొబ్బిలిలో అతను గజ్జె కదిపితే సాలూరులో కుక్కలు లేచి తాళం వేసేవి. నేను అతని అప్పను, పేరిందేవిని. అతను పుట్టి మొదటి ఏడుపు ఏడ్చినప్పుడు శ్రుతి తగ్గిందని పక్కన కూర్చుని హార్మోనియం పట్టినదాన్ని, ఇప్పటికీ దించలేదు. అతనికొక అలవాటు ఉంది. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, పని చెబుతాడు. స్వరం ఎందుకు జారుతోందని అడిగినవాడి చేత బావిలో నీళ్లు తోడించాడు. భక్తి అంటే ఏమిటని అడిగినవాడి చేత మా పెరడంతా కందగడ్డలు తవ్వించాడు. జవాబు ఆ పనిలోనే ఉందంటాడు. ఉందో లేదో నాకు తెలియదు గానీ, మా ఇంట్లో కూలిమనిషిని పెట్టిన పాపాన మాత్రం ఎప్పుడూ పోలేదు.

త్రినాథ అతని శిష్యుల్లో కడపటివాడు. పెళ్లీడు వచ్చినవాడే అయినా ఎంత సన్నమంటే, చేతిలో చిరతల బరువు లేకపోతే ఫ్యాను గాలికి ఎగిరిపోతాడు. గొంతు కూడా మెత్తన. అరుగు మీద చేరి ఊళ్లో సంగతులు చెప్పే పెద్దమ్మ గొంతులా ఉంటుంది. ఆ గొంతంటే వాడికి సిగ్గు. శ్రీరామనవమికి నక్కలవలస పందిట్లో సీతాకల్యాణం చెప్పమని కబురు వచ్చింది. వాడికది తొలి కథ.

నక్కలవలస సంగతి తెలిసినవాళ్లు ఆ పేరు వింటేనే గజ్జెలు విప్పేస్తారు. అక్కడి ఆడవాళ్లు కథకు ఎవరి చాప వాళ్లు తెచ్చుకుంటారు. కథ నచ్చకపోతే తిట్టరు, రాళ్లు వేయరు. చాప చుట్టి చంకలో పెట్టుకుని ఇంటికి పోతారు. ఒక చాప లేచిందంటే దాని వెనక వరసగా లేస్తాయి. ఒక మహానుభావుడు అక్కడ కథ చెబుతూ కళ్లు మూసుకుని ఆలాపన చేసి, కళ్లు తెరిచేసరికి ఎదురుగా పందిరి గుంజలు తప్ప ప్రాణి లేదు. గుంజల్లో కూడా రెండు కొంచెం పక్కకు జరిగాయట.

మా తమ్ముడు త్రినాథకు ముందే చెప్పాడు. "మంగళం పాడేలోగా సగం చాపలు లేచాయంటే, గజ్జెలు విప్పి నా చేతిలో పెట్టు. మీ మావయ్య సిమెంటు కొట్లో కూర్చో. అదీ మంచి పనే."

ఆ మాట విన్నప్పటి నుంచి వాడికి కలలో కూడా సిమెంటు బస్తాలే. నవమి ఇంకా కొన్నాళ్లు ఉందనగా, మా తమ్ముడు వాకిట్లో మోటారు సైకిలు తుడుస్తుంటే వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గురువుగారూ, కథ రక్తి కట్టాలంటే నేనింకా ఏం వేసుకోవాలండి? మీలాగా పైస్థాయిలో, ఐదు శ్రుతిలో ఎత్తుకుందామనుకుంటున్నాను. శివధనుస్సు దగ్గర మీ గర్జన ఒకటి. మధ్యలో నాలుగు సంస్కృత శ్లోకాలు, ఒక హిందీ భజన. చివర ఒక వర్ణం కూడా పెడితే నిండుగా ఉంటుందాండి?"

మా తమ్ముడు గుడ్డ పిండి, వెనక చక్రం చూపించాడు. "ఈ టైరు అరిగిపోయింది. బండికి తగినది చూసి వేయించుకు రా."

ఆ బండి పేరు గజేంద్రం. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మూసినవాళ్లు కూడా ఈపాటికి స్వర్గంలో స్థిరపడి ఉంటారు. అది స్టార్టయితే మా వీధిలో నెలలు నిండిన వాళ్లకు నొప్పులు వచ్చేవి, నిండనివాళ్లకు కూడా అనుమానం వచ్చేది. దాని పాత టైరు పక్కన అచ్చుపోసిన కొలత మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు: మూడుంపావు, పంతొమ్మిది. మొదటిది టైరు వెడల్పు, రెండోది చక్రం కొలత, రెండూ అంగుళాల్లో.

త్రినాథ బజారుకు వెళ్లాడు. టైర్ల కొట్టు గవరయ్య సంగతి నాకు తెలుసు. తన కొట్లో లేని వస్తువు లోకంలోనే లేదంటాడు. ఆ వేళా అదే అన్నాడు. "మూడుంపావా? ఎవుడేత్తన్నాడు బాబూ ఇప్పుడు? ఇదిగో, ఇది సూడు. పంతొమ్మిదే, నీ సక్రానికి ఎక్కుతాది. ఎడల్పు సూసినావా, నూటపది!"

మూడుంపావు ఎక్కడ, నూటపది ఎక్కడ! కొత్త టైర్లను మిల్లీమీటర్లలో కొలుస్తారన్న ఆలోచన వాడికి అప్పుడు రాలేదు. నూటపది అన్న మాట వాడి చెవిలో మా తమ్ముడి గర్జనలా వినిపించింది. వేయించాడు. ఒంటరిగా బజారు చుట్టూ తిప్పి చూశాడు. జనం ఆగి చూశారట. ఎందుకు చూడరు? ఏనుగు బండికి వెనక కాలు మాత్రం వాచినట్టుంది.

ఇంటికి తెచ్చి నిలబెట్టగానే నేను దండం పెట్టాను. "ఒరే త్రినాథా, పురాణంలో మొసలి గజేంద్రుణ్ణి పట్టుకుంటే శ్రీహరి వచ్చి విడిపించాడు. ఈసారి మొసలిని మనమే కొని తెచ్చామా?"

"మీకు తెలీదండి అమ్మగారూ. ఎంత వెడల్పుంటే నేలని అంత గట్టిగా పట్టుకుంటుంది."

మా తమ్ముడు వంగి, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య వేలు పెట్టి చూశాడు. వేలు ఇరుక్కుంది. మెల్లగా లాక్కుని "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ"ను మెచ్చుకోలు అనుకుని శిష్యుడు రాత్రి ఒక అట్టు ఎక్కువ తిన్నాడు.

నవమి నాడు మధ్యాహ్నం ముగ్గురం గజేంద్రం ఎక్కాం. త్రినాథ నడుపుతున్నాడు, మధ్యలో మా తమ్ముడు, వెనక నేను. నా ఒళ్లో హార్మోనియం, నా భుజానికి పాత టైరు. నక్కలవలసలో మాకు విడిది ఇచ్చే ఇంటి పిల్లలకు ఉయ్యాల కట్టిద్దామని దాన్ని గవరయ్యకు వదలకుండా తెప్పించుకున్నాను. నేను సన్నని మనిషిని కాను. నేను తూగితే ధర్మకాటాలో లారీ వాళ్లు కూడా టోపీ తీస్తారు. నేను కూర్చోగానే గజేంద్రం వెనక భాగం కుంగి, నోరుంటే "హరీ" అనేదే.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. గోతుల దారి మొదలయ్యాక, గొయ్యి వచ్చినప్పుడల్లా నా కింద ఏదో గుర్రుమంది. మలుపు దగ్గర త్రినాథ కుడికి వాల్చితే బండి కాసేపు ఆలోచించి, ఆ తరువాత ఒక్కసారిగా పడ్డట్టు వాలింది. తాటితోపు దగ్గరికి వచ్చేసరికి రబ్బరు కాలిన కంపు. వెనక్కి చూస్తే పొగ. ఆ పొగ చూసి చుట్టుపక్కల ఏడు ఊళ్ల వాళ్లు వానొస్తుందని ధాన్యం ఎత్తుకున్నారు.

దిగి చూశాం. బరువుకు బండి కుంగినప్పుడల్లా టైరు మడ్‌గార్డుకు ఒరుసుకుని, అంచులు పొట్టు రేగిపోయాయి.

త్రినాథ తలెత్తి పొద్దు చూశాడు. "నాలుగింటికి కథండి. ఇప్పుడెలాగండి? అమ్మగారు ఒక్కరూ దిగి నడిచి వస్తే..."

"నేను నడుస్తానురా నాయనా, దానికేం? నీకు శ్రుతి ఎవరు వేస్తారు, మీ మావయ్య సిమెంటు బస్తానా?"

మా తమ్ముడు మమ్మల్నిద్దరినీ పట్టించుకోలేదు. కథ సంచిలోంచి విభూతి డబ్బా తీసి, సీసాలో నీళ్లు కలిపి, ముద్ద చేసి శిష్యుడి చేతికిచ్చాడు. "టైరుకు అడ్డంగా పట్టెవర్ధనం పెట్టు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. పెట్టాక బండి ముందుకు తొయ్యి."

కథకు ఆలస్యమవుతుంటే టైరుకు విభూతి పెట్టమన్న గురువును ఏమనాలో వాడికి తెలియలేదు. పెట్టాడు. తోశాడు. తారు రోడ్డు మీద విభూతి గుర్తు పడింది. గుర్తెంత? రెండు వేళ్లంత. అంత పెద్ద టైరుకు అటూ ఇటూ పెట్టిన విభూతి చెక్కుచెదరలేదు, నడుమ మాత్రమే చెరిగింది.

మా తమ్ముడు ఆ గుర్తు పక్కన గొంతుక్కూర్చుని అడిగాడు. "ఇంత టైరు వేశావు. నేలకు తెలిసింది ఇంతేనా?"

వాడు వంగి గుర్తు చూశాడు, లేచి టైరు చూశాడు. నాకు మాత్రం అర్థమైంది. ఇరుకు జాకెట్టు తొడుక్కున్నవాళ్లకు ఇవన్నీ ఎవరూ చెప్పనక్కర్లేదు. గజేంద్రం రిమ్ము సన్ననిది. ఆ సన్నని రిమ్ము వెడల్పు టైరు అంచులను రెండు వైపుల నుంచీ నొక్కేసింది. నొక్కితే నడుమ ఏమవుతుంది? గుమ్మడికాయలా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఒక్కటే నేలను తాకుతోంది. మిగతాదంతా చూసేవాళ్ల కోసం.

మా తమ్ముడు చక్రం ఊడదీశాడు. పాత బండి ఉన్నవాడు ఇంట్లో బియ్యం లేకపోయినా బండిలో టైరు విప్పే ఇనుప పట్టీలు, గాలిపంపు ఉంచుకుంటాడు. నా భుజం మీది పాత టైరు దిగి రిమ్మెక్కింది, కొత్తది విప్పి నా మెడలోకి వచ్చింది. త్రినాథ పంపు కొట్టాడు. నేను గొడుగు పట్టాను. ఎండ ఎలా ఉందంటే, నా గొడుగు నీడ కూడా గొడుగు కింద దాక్కుంది. మళ్లీ విభూతి పెట్టించాడు, మళ్లీ తోయించాడు. అరిగిపోయిన ఆ ముసలి టైరు నాలుగు వేళ్ల పట్టీ గీసింది. త్రినాథ వంగి ఆ రెండు గుర్తుల మీదా వేళ్లు పెట్టి కొలిచాడు.

"అరిగిన టైరు. నెమ్మదిగా పోనీ," అన్నాడు మా తమ్ముడు. వాడు ఎంత నెమ్మదిగా పోనిచ్చాడంటే, దారిలో ఒక నత్త మమ్మల్ని దాటి, వెనక్కి చూసి, జాలిపడింది.

మేం చేరేసరికి కల్యాణం అయిపోయి పానకాలు పంచుతున్నారు. నా మెడలో నల్లటి వెడల్పు దండ చూసి, ఇదేదో కొత్త మొక్కు కాబోలని ఇద్దరు నాకు దండం పెట్టారు. నేను ఒక గంగాళం పానకం తాగి కూర్చున్నాను. ఎదురుగా చాపలు, చాపల మీద ఆడవాళ్లు. ముందు వరసలో పెంటమ్మ. నక్కలవలసలో చాపలన్నీ ఆవిడ చాప వంక చూసే లేస్తాయి, కూర్చుంటాయి.

త్రినాథ గజ్జె కట్టి, గురువు కాళ్లకు మొక్కి, నా దగ్గరికి వంగాడు. "ఐదు పెట్టండి అమ్మగారూ."

దారిలో అంత జరిగినా వాడు అడిగింది ఐదే. అడిగిన శ్రుతి వేయడం నా వృత్తి, వేశాను.

ఎత్తుకున్నాడు. నేనెన్నో గొంతులు విన్నాను గానీ, నిచ్చెన లేకుండా అటకెక్కబోయే గొంతు అదే మొదటిసారి వినడం. శ్లోకాలు పడ్డాయి. హిందీ భజన పడింది. వెనక వరసలో ఒక చాప కొస మడత పడింది. వాడికి కనబడింది. కంగారులో ఇంకా పైకి వెళ్లాడు. రాముడు శివధనుస్సు ఎత్తాడు, ఎక్కుపెట్టాడు, వాడు మా తమ్ముడి గర్జన గర్జించాడు. ధనుస్సు విరగనే లేదు. గొంతు విరిగింది. పందిట్లో ఒక పిల్లి అరిచిందనుకుని కొందరు కిందకు చూశారు.

వెనక రెండు చాపలు లేచాయి. పక్కన ఇంకో మూడు. ముందు వరసలో పెంటమ్మ నెమ్మదిగా లేచి, చాప చుట్టి, చంకలో పెట్టుకుంది.

"లెగండే. రావుడు ఇరిసీలోగానే ఈ గుంటడి పీక ఇరిగిపోనాది. పాపం, ఇంటికెళ్లి మిరియాల పాలు తాగమనండి."

సిమెంటు కొట్టు వాడి కళ్ల ముందు తలుపులు తీసుకుని నిలబడి ఉంటుంది. ఆ భయంలో గురువు గొంతు, శ్లోకాలు, వర్ణం అన్నీ ఎక్కడివక్కడ జారిపోయాయి. వాడి నోట వాడి సొంత మాట పడింది.

"ఎల్లిపోతావేటే మామ్మా! పిల్లకి సంబంధం కుదిరిందా, ఇంకా పుస్తె పడలేదా, ఇంతలోనే సాప సుట్టేసి ఎల్లిపోతే ఆడపిల్లోరు ఏటనుకుంటారు? అక్కడ జనకుడి పెళ్లాం గుమ్మంలో సెంబట్టుకుని నిలబడి ఏడుస్తంది, సూడు!"

పెంటమ్మ ఆగింది. "అదెందుకు ఏడుస్తంది?"

"ఏడవదా మరి? పెళ్లోరు దిగినారు. మగపెళ్లివారి వేపు వియ్యపురాళ్లు ముగ్గురు. కౌసల్య, సుమిత్ర, కైక. సెంబు ఒక్కటి. ముందు ఎవరి కాళ్లు కడగాలే మామ్మా?"

పందిట్లో తేనెతుట్టె కదిలింది. పెద్దావిడ కాళ్లు ముందు అని ఒకరు. పెళ్లికొడుకును కన్నావిడ ఆవిడేగా అని ఇంకొకరు. కైక కాళ్లు ముందు కడక్కపోతే ఆ ఇంట్లో కొంప మునుగుతుందని మరొకరు. అప్పుడే నేను హార్మోనియం బెల్లోస్ మీద చెయ్యి ఆపకుండా ఐదు మీంచి రెండుకు దిగిపోయాను. నన్నెవరూ అడగలేదు. వాడి గొంతు వచ్చి రెండులో కూర్చుంది. అదెక్కడుందో పుట్టినప్పటి నుంచి తెలిసినట్టే కూర్చుంది.

అక్కడి నుంచి వాడు కథ చెప్పలేదు, జనకుడి ఇంట్లో జరుగుతున్నది చూసి వచ్చి మాకు చేరవేశాడు. విడిదిలో ఎవరికి ఏ గది ఇచ్చారు, పప్పులో ఉప్పు తక్కువైందని దశరథుడి బావమరిది ఎలా మూతి ముడిచాడు, జనకుడి పెళ్లాం నడుం పట్టేసి ఎవరి భుజం పట్టుకుంది. నవ్వి నవ్వి ఒకామె కట్టుడు పళ్లు పానకంలో పడ్డాయి. చివరికి అప్పగింతలు వచ్చాయి. వాడు రాముడి ఎదుట నిలబడ్డ తండ్రిలా రెండు చేతులూ జోడించి, గొంతు ఇంకా తగ్గించి అన్నాడు.

"బాబూ, రావయ్యా! మా గుంటకి ఆకలేస్తే అడగడం తెలీదు. నువ్వే అడిగి పెట్టుకోవాల."

వాడు ఆ మాట పాడనైనా లేదు, అన్నాడంతే. పందిరి కిందున్న ఆడవాళ్లందరి కొంగులూ ఒక్కసారి కళ్ల మీదికి వెళ్లాయి. ఆ తడికి పందిరి గుంజలు చిగురించాయని తరువాత చెప్పుకున్నారు, నేను కళ్లారా చూశాను. పెంటమ్మ చాప మళ్లీ పరవలేదు. పరవడానికి మనసు కథ మీంచి మళ్లలేదు. చుట్టిన చాప మీదే కూలబడి, మంగళం పాడేదాకా దాని మీదే ఉంది. లేచిన మిగతా వాళ్లు నిలబడే విన్నారు.

హారతి పళ్లెం తిరిగాక ఆవిడ వాడి దగ్గరికి వచ్చి చెంప నిమిరింది. "పరవాలేదు. వచ్చీ ఏడు కూడా రా. ముందు కాసింత ఒళ్లు సేసుకో, మొలతాడు జారిపోతన్నాది."

త్రినాథ గజ్జెలు విప్పి, రెండు చేతులతో పట్టుకుని మా తమ్ముడి ముందు నిలబడ్డాడు. కొన్ని చాపలు లేచిన మాట నిజమే కదా. తీసుకుంటాడేమోనని చాచిన గజ్జెలనే ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. మా తమ్ముడు చెయ్యి చాచలేదు. "బరువుగా ఉంటే సంచిలో పెట్టుకో" అని బండి వైపు నడిచాడు.

గజేంద్రం పక్కన నేను నా మెడలోని దండ తీసి నేల మీద పడేశాను. త్రినాథ దాని వంక చూసి పళ్లు నూరాడు. "ఈ దిక్కుమాలిన టైరు వల్ల ఇంత పనైందండి. గవరయ్య ముంచేశాడు. ఏ చెరువులోనో పారేసి వస్తాను."

మా తమ్ముడు వంగి ఆ టైరును నిలబెట్టి, దాని మీది దుమ్ము పైపంచెతో తుడిచాడు. పసిబిడ్డ ముఖం తుడిచినట్టు తుడిచాడు.

"దిక్కుమాలినదని ఎవరన్నారు? మేలైన టైరు. దీని చక్రం ఎక్కడో దీనికోసం ఎదురుచూస్తూ ఉంటుంది. వెతికి, ఇచ్చి రా."

"ఎవరిదో ఎలా తెలుస్తుందండి, గురువుగారూ?"

"కనబడ్డ ప్రతి బండినీ ఆపి అడుగు. అడిగే ముందు రిమ్ము కొలువు."

అని, టైరును వాడి వైపు దొర్లించాడు.